చౌడు మడిలో వేసిన యూరియా ఎటు పోతోంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, ఇదే ఇబ్బంది ఉన్న మరికొందరికి కూడా పనికొస్తుంది. వరంగల్ దగ్గర చెరువు కట్ట కింద మీకు మూడెకరాల వరి ఉంది. కట్టకు దగ్గరగా ఉన్న ఎకరం చౌడు, పైగా ఊట నీరు ఊరే జాలు భూమి. కరెంటును బట్టి అది ఆరుతూ మునుగుతూ ఉంటుంది. ఈ యాసంగిలో ఆ ఎకరానికి ఇప్పటికే మూడు బస్తాల యూరియా వేశారు. వేసిన నాలుగైదు రోజులకు పైరు పచ్చబడుతోంది, రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ పాలిపోతోంది. యూరియా నకిలీదేమోనని మీ అనుమానం. నాలుగో బస్తా వేయాలా అని అడుగుతున్నారు. మట్టి పరీక్ష కార్డులో ఉదజని సూచిక (క్షారం ఎంతో చెప్పే పీహెచ్ అంకె) 9.1, లవణాలు 0.8, సేంద్రియ కర్బనం 0.3 శాతం, నత్రజని ‘తక్కువ’ అని ఉంది.

తమ్ముడూ, నాలుగో బస్తా వేయకండి. యూరియా నకిలీదైతే పక్క రెండెకరాల్లో కూడా పైరు ఎదిగేది కాదు. మీ యూరియా మంచిదే. అందులో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతోంది, అదీ పట్టపగలు, మీరు గట్టు మీద నిలబడి చూస్తుండగానే.

మట్టి పరీక్షా కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మీ కార్డు లాంటివి వేలల్లో రాసి ఇచ్చాను. ‘నత్రజని తక్కువ’ అన్న మాట చూడగానే రైతు మనసు యూరియా బస్తా మీదికే పోతుంది. చౌడు నేలల విషయంలో ఆ మాట పక్కనే ‘ఈ నేల నత్రజనిని పట్టి ఉంచలేదు’ అని కూడా రాయాల్సింది. ఆ సంగతి నాకు బాగా అర్థమయ్యేసరికి చాలా కార్డులు చేతులు మారిపోయాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నత్రజనిని కొలవడానికి మన ల్యాబుల్లో ఎక్కువగా వాడేది 1956లో సుబ్బయ్య, అసిజా అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి. మట్టిని గాజు కుప్పెలో వేసి, పొటాషియం పర్మాంగనేటు, సోడియం హైడ్రాక్సైడు కలిపి మరిగిస్తాం. క్షారం తగలగానే మట్టిలోని అమ్మోనియం అమ్మోనియా వాయువుగా మారి ఆవిరితో పాటు గొట్టంలోంచి వస్తుంది. దాన్ని బోరిక్ ఆమ్లంలోకి పట్టి లెక్క కడతాం. అంటే నేల నుంచి నత్రజనిని వెళ్లగొట్టడానికి క్షారం, తేమ, వేడి ఉంటే చాలు. మీ కట్ట కింది మడిలో ఈ మూడూ ఉన్నాయి. అక్కడ వచ్చే అమ్మోనియాను పట్టుకోవడానికి గిన్నె మాత్రం లేదు.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో సుమారు 20.7 కిలోలు. అంటే మీరు ఇప్పటికి ఎకరానికి 62 కిలోల నత్రజని వేశారు. టన్ను ధాన్యం పండడానికి వరి తీసుకునేది సుమారు 15 నుంచి 20 కిలోలే. వేసినదంతా పైరుకు అంది ఉంటే మూడు టన్నుల పంటకు అదొక్కటే చాలు. కానీ నీళ్లు నిలిచే మామూలు వరి పొలంలోనే వేసిన నత్రజనిలో పైరుకు దక్కేది 30 నుంచి 40 శాతం. చౌడులో అంతకంటే తక్కువ.

చల్లిన యూరియాను మట్టిలోనూ నీటిలోనూ ఉండే యూరియేజ్ అనే ఎంజైము కొద్ది రోజుల్లోనే విడగొడుతుంది. అప్పుడు అమ్మోనియం కార్బొనేటు తయారవుతుంది, ఆ చోట క్షారం ఇంకాస్త పెరుగుతుంది. అమ్మోనియం కణానికి ధనావేశం ఉంటుంది కాబట్టి బంకమట్టి దాన్ని అంటిపెట్టుకుంటుంది, వేరు తీసుకుంటుంది. అమ్మోనియా అలా కాదు, అది వాయువు. నీటిలో ఈ రెండూ ఏ పాళ్లలో ఉంటాయో తేల్చేది ఉదజని సూచికే. అది 7 దగ్గర ఉంటే నూటికి ఒక వంతు కూడా అమ్మోనియా ఉండదు. 8 దగ్గర సుమారు ఐదు వంతులు. 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. 9.25 దగ్గర సగం సగం. ఇవి 25 డిగ్రీల వేడికి చెప్పిన లెక్కలు. మన మార్చి, ఏప్రిల్ ఎండలకు మడిలో నీళ్లు వేడెక్కితే అమ్మోనియా వాటా ఇంకా పెరుగుతుంది. దాని మీద గాలి వీస్తే పోయింది పోయినట్టే.

ఇలాంటి మడి గట్టున మార్చి నెలలో ఒక రోజంతా పీహెచ్ కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున నీళ్లు 8 దగ్గర ఉన్నాయి. పది దాటాక మడి అడుగున పాకుడు మీద సన్నని బుడగలు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు పాకుడు చాపల్లా పైకి తేలింది, వేలితో తాకితే బుడగలు జలజలా లేచాయి. అప్పుడు ముంచిన కాగితం ముదురు నీలానికి తిరిగింది, 9 దాటేసింది. సాయంత్రం నీడ పడ్డాక మళ్లీ మెల్లగా దిగింది. ఇదంతా పాకుడు చేసే పని. పగలు అది నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. ఆ వాయువు వల్ల ఉండే కాస్త పులుపు పోయి నీళ్లు మరింత క్షారమవుతాయి. రాత్రి పాకుడుతో పాటు మడిలోని జీవాలన్నీ ఊపిరి వదులుతాయి కాబట్టి అది తిరిగి వస్తుంది. మామూలు నేలల్లో కూడా ఈ ఎగుడుదిగుడు ఉంటుంది. చౌడు మడి పొద్దున్నే 8తో మొదలవుతుంది కాబట్టి మధ్యాహ్నానికి ఎక్కడికి చేరుతుందో మీరే ఊహించండి. ఆ ఉదయమే యూరియా చల్లి ఉంటే, తరువాతి నాలుగైదు రోజులూ మిట్టమధ్యాహ్నం వేళ దాన్ని గాలికి ఆరబోసినట్టే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడవచ్చు. ఖర్చు లేదు. మూతలున్న రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో చౌడు మట్టి, ఇంకొకదానిలో మీ మంచి మడి మట్టి గుప్పెడేసి వేసి, నీళ్లతో తడిపి, అర చెంచా యూరియా చల్లండి. తెల్లని నూలు గుడ్డ పీలికలు రెండింటిని పసుపు నీళ్లలో ముంచి, పిండి, మట్టికి తగలకుండా మూత కింద వేలాడేలా బిగించి వెచ్చని చోట పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో చౌడు సీసాలోని పసుపు గుడ్డ పారాణి రంగుకు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కడం మనకు తెలిసిందే. ఇక్కడ సున్నం చేసే పనిని మట్టిలోంచి లేచిన అమ్మోనియా చేస్తుంది. రెండో సీసాలో కూడా ఆలస్యంగా కొంత మారవచ్చు, తేడాను మీ కళ్లే పట్టుకుంటాయి. మూత తీసి వాసన చూస్తే పశువుల కొట్టం ఘాటు ముక్కుకు తగులుతుంది. ఎర్రబడ్డ పీలికను గాలికి ఆరేస్తే కాసేపటికి మళ్లీ పసుపు పచ్చగా మారుతుంది. గుడ్డను పట్టుకున్న అమ్మోనియా కూడా వెళ్లిపోయిందన్న మాట. ఊళ్లలో రైతులను కూర్చోబెట్టి ఎన్ని అంకెలు చెప్పినా కలగని నమ్మకం ఈ పీలికతో కలిగింది.

పాకుడును పూర్తిగా శత్రువు అనుకోకండి. అందులో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. వరి పొలాల్లో ఈ పని చేసేది నీలి ఆకుపచ్చ నాచు అని 1939లోనే పి.కె. దే చూపించారు. ఉత్తరాది చౌడు భూములను ఇదే నాచుతో బాగుచేయవచ్చని ఆర్.ఎన్. సింగ్ 1950లో రాశారు. ఈ నాచుకు క్షారమంటే ఇష్టం కూడా. అయితే దానికి సిద్ధంగా అమ్మోనియం దొరికితే గాలి నుంచి నత్రజని పట్టే శ్రమ మానేస్తుంది. మీరు నీటిలో చల్లిన యూరియా ఒక పక్క నాచు పెంచే క్షారంతో ఆవిరైపోతూ, ఇంకో పక్క ఆ నాచు చేసే మేలునూ ఆపేస్తుంది. నష్టం రెండింతలు. అదే యూరియా బురద లోపల ఉంటే నాచు దారిన నాచు, పైరు దారిన పైరు బతుకుతాయి.

‘బురద లోపల’ అన్నాను కదా, ఈ సమాధానంలో మీకు అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. నీళ్లు నిలిచిన మడిలో పైనుంచి కిందికి రెండు లోకాలున్నాయి. నీటికి తగిలి ఉండే పై పొరకు గాలి అందుతుంది. దాని మందం కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటరు. దాని కింద గాలి లేని బురద. చౌడు నేలలో కూడా నీళ్లు పెట్టాక కొన్ని వారాలకు ఆ బురదలో ఉదజని సూచిక 7 వైపు దిగుతుంది, ఎందుకంటే అక్కడ కుళ్లే సేంద్రియ పదార్థం నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక బురదలోనే ఉండిపోతుంది. అందుకే కార్డులో 9.1 ఉన్న నేలలో కూడా వరి బతుకుతోంది. పైన నీటిలో 9 దాటిన వేళ, రెండు అంగుళాల కింద అంత క్షారం ఉండదు. అక్కడికి చేరిన అమ్మోనియం వాయువుగా మారదు, వేరుకు అందుతుంది. కాకపోతే ఉదజని సూచిక ఇలా దిగాలంటే కుళ్లడానికి ఏదైనా ఉండాలి. మీ నేలలో సేంద్రియ కర్బనం 0.3 శాతమే, కాబట్టి ఆ దిగడం నెమ్మదిగా, అరకొరగా జరుగుతుంది.

ఆ కర్బనం ఏమైందో కూడా చెప్పాలి. మీ కార్డులో లవణాలు తక్కువ, క్షారం ఎక్కువ. దీన్ని కారు చౌడు అంటాం. పాల చౌడు తెల్లగా పూస్తుంది, అందులో ఉప్పు ఎక్కువ. కారు చౌడులో సోడియం బంకమట్టిని పట్టుకుని ఉంటుంది. రేణువులు విడిపోయి నేల గట్టిపడుతుంది, నీళ్లు ఇంకవు. సోడియం కార్బొనేటు సేంద్రియ పదార్థాన్ని కరిగించి పైకి లాగుతుంది. చిన్న వాన పడ్డాక గుంటల్లో డికాక్షన్ రంగు నీళ్లు నిలవడం మీరు చూసే ఉంటారు. ఆ నలుపు మీ నేల సారం. వరి తీసుకునే నత్రజనిలో సగం, అంతకంటే ఎక్కువ కూడా మామూలుగా నేలలోని సేంద్రియ పదార్థం నుంచే వస్తుంది. మీ చౌడు ఎకరంలో ఆ నిల్వ కరిగిపోయింది కాబట్టి పైరు బస్తా మీదే ఆధారపడింది. బస్తాలోది నాలుగు రోజులకు ఆవిరైతే పైరు మళ్లీ ఆకలితో ఉంటుంది. మీరు చూస్తున్న పచ్చ, పసుపు మార్పులకు కారణం ఇదే.

నత్రజని పోవడానికి ఇంకో దారి ఉంది. గాలి తగిలే పై పొరలో కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాన్ని నైట్రైటుగా, మరికొన్ని దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. పాత మట్టిగోడల అడుగున, పశువుల కొట్టం పక్కన సురేకారం తెల్లగా పూయడం మీ పెద్దలు చూసి ఉంటారు. అది నైట్రేటే. పాత ఊరి దిబ్బల పాటిమన్ను తోలితే పైరు లేస్తుందన్న అనుభవం వెనక ఉన్నదీ ఇదే. ఆరిన నేలలో నైట్రేటు నిలుస్తుంది. నీటి మడిలో నిలవదు. ఋణావేశం ఉన్నది కాబట్టి మట్టి దాన్ని పట్టుకోదు, అది కింది బురదలోకి జారుతుంది. అక్కడ గాలి లేక ఇబ్బందిపడే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు నైట్రేటును వాడుకుని, దాన్ని చివరికి నత్రజని వాయువుగా వదిలేస్తాయి. మడిని నాలుగు రోజులు ఆరబెట్టి, మళ్లీ ముంచి, మళ్లీ ఆరబెడితే ఈ చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. కట్ట కింద కరెంటును బట్టీ, జాలును బట్టీ మీ మడి అలాగే ఆరుతూ మునుగుతూ ఉంటుందని మీరు రాసినదాన్ని బట్టి అర్థమవుతోంది. యూరియా వేసిన తరువాతి రెండు వారాలు మాత్రం పగుళ్లిచ్చేదాకా ఆరనివ్వకండి.

చౌడు ఈ దారిలో కూడా తన ప్రభావం చూపుతుంది. ఉప్పూ, అమ్మోనియా ఎక్కువైతే నైట్రైటును నైట్రేటుగా మార్చే జీవులు ముందు దెబ్బతింటాయి, నైట్రైటు కొంత పేరుకుంటుంది. ఇంకో సంగతి, పుల్లని నేలల్లో ఈ చక్రం మధ్యలో ఆగి నైట్రస్ ఆక్సైడు ఎక్కువగా వస్తుంది, అది భూమిని వేడెక్కించే వాయువు. క్షార నేలల్లో చాలావరకు చివరిదాకా వెళ్లి మామూలు నత్రజనిగా ముగుస్తుంది. వాతావరణానికి కాస్త మేలే, మీ జేబుకు మాత్రం తేడా లేదు.

క్షారం ఇంతకంటే ఎక్కువైతే ఎలా ఉంటుందో చూడాలంటే మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా లోనార్ సరస్సుకు వెళ్లాలి. ఉల్క పడ్డ గుంటలో నిలిచిన ఉప్పునీరు, ఉదజని సూచిక 10 ప్రాంతం. 2020 జూన్‌లో ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవుల వల్ల గులాబీ రంగుకు తిరిగితే పత్రికలన్నీ రాశాయి. అంత క్షారంలో కూడా నత్రజని జీవుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. మీ ఎకరం చచ్చిన నేల అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక చేయాల్సినవి. ముందు ఆకు చూడండి. నత్రజని లోపమైతే ముదురాకులు చివర నుంచి ఒకే తీరుగా పసుపు పడతాయి. ముదురాకు మీద మధ్య ఈనెకు ఇరువైపులా తుప్పు రంగు మచ్చలుంటే అది జింకు లోపం, క్షార నేలల్లో చాలా మామూలు. లేత ఆకులే తెల్లబారితే ఇనుము లోపం. జింకు లోపం ఉన్న పైరుకు ఎన్ని బస్తాల యూరియా వేసినా వాడుకోలేదు. మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. వచ్చే పంటకు దమ్ములోనే ఎకరానికి 20 కిలోలు వేయండి. భాస్వరం ఎరువుతో మాత్రం కలపకండి.

ఇకపై ఏ పంటకు యూరియా వేసినా నీళ్ల మీద చల్లవద్దు. మడిలో నీళ్లు తీసేసి బురద పదునుకు తేవాలి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కానీ, 250 కిలోల తేమ మట్టి కానీ కలిపి రెండు రోజులు ఉంచి, చల్లపూట చల్లాలి. చల్లిన వెంటనే వీడర్‌తో బురదలోకి కలపగలిగితే అంతకంటే మేలు లేదు. సాళ్లుగా నాటకపోతే కలుపు తీసే కూలీల కాళ్ల కింద తొక్కించినా పనవుతుంది. ఒకటిన్నర, రెండు రోజుల తరువాత పలుచగా నీళ్లు పెట్టండి. ఒకేసారి కుమ్మరించే బదులు పిలకల దశకు కొంత, చిరుపొట్ట దశకు కొంత విడగొట్టండి. చౌడుకు నత్రజని మామూలు కంటే 25 శాతం ఎక్కువ వేయాలన్న సిఫారసు ఉన్న మాట నిజమే, కానీ మీరు ఆ హద్దు ఇప్పటికే దాటి ఉంటారు. యూరియాకు బదులు అమ్మోనియం సల్ఫేటు వేస్తే నయమా అని చాలామంది అడుగుతారు. నీళ్ల మీద చల్లితే అదీ పోతుంది.

అసలు పని వేసవిలో ఉంది. సోడియాన్ని కదిలించకుండా నత్రజని నిలవదు. కదిలించేది జిప్సం. అందులోని కాల్షియం బంకమట్టి మీది సోడియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. తోసేసిన సోడియం నీటితో పాటు పొలం దాటి పోవాలి. మీ మడి కట్ట కింది జాలులో ఉంది కాబట్టి ముందుగా పొలం వాలు చూసి కింది వైపు మురుగు కాలువ తీయండి. ఇది లేకుండా జిప్సం వేయడం డబ్బులు బురదలో వేయడమే, చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు. ఎంత జిప్సం కావాలో అంచనాతో వేయకండి, ‘జిప్సం అవసరం ఎంత’ అని ల్యాబులో విడిగా పరీక్ష చేయిస్తే చెబుతారు. మడి చదును చేసి, జిప్సం పై నాలుగు అంగుళాల మట్టిలోనే కలిపి, పది పదిహేను రోజులు నీళ్లు నిలిపి, తీసేయండి. బోరు నీళ్లు వాడుతుంటే వాటిని కూడా పరీక్షించండి. మన గ్రానైటు నేలల్లో చాలా బోర్లలో సోడియం బైకార్బొనేటు ఎక్కువ. నీటి నివేదికలో మిగులు సోడియం కార్బొనేటు అన్న అంకె 2.5 దాటితే ఆ బోరే మీ చౌడును ఏటా పెంచుతోందని అర్థం. అప్పుడు చెరువు నీళ్లు ఎంత దొరికితే అంత వాడుకోండి.

ఆ తరువాత జీలుగ. తొలకరికి ముందు తడి దొరికితే చల్లేయండి. చౌడును తట్టుకునే పచ్చిరొట్టల్లో దానికి సాటి లేదు. పూతకు వచ్చే వేళకు, అంటే 45, 50 రోజులకు దమ్ములో కలియదున్నితే ఒక బస్తా యూరియాలో ఉన్నంత నత్రజని తేలిగ్గా వస్తుంది. అది పైన నీటిలో కాకుండా బురద లోపలే, కుళ్లుతూ కుళ్లుతూ నెమ్మదిగా విడుదలవుతుంది. కుళ్లేటప్పుడు వచ్చే వాయువు బురద క్షారాన్ని దించుతుంది, వేర్లు గట్టి నేలలో నీళ్లకు దారులు చేస్తాయి. ఇందాక చెప్పిన కష్టాలన్నింటికీ ఒకేసారి తగిలే మందు ఇదొక్కటే, అందుకే దీని మీద నాకు ఇంత పక్షపాతం. ఎండు గడ్డి మాత్రం నాటుకు ముందు కలపకండి. అది కుళ్లడానికి ఉన్న కాస్త నత్రజనినీ తానే లాక్కుంటుంది.

వానాకాలానికి ముందు మళ్లీ నమూనా తీసేటప్పుడు ఎకరం మొత్తానికి ఒకటే తీయకండి. కట్ట వైపు జాలు పారే అంచున ఒకటి, మధ్యలో ఒకటి, మురుగు కాలువ దగ్గర ఒకటి విడివిడిగా తీసి, ఏది ఎక్కడిదో సంచి మీద రాయండి. ఈ మూడు కార్డులూ, బోరు నీటి నివేదికా వచ్చాక ఇక్కడ పెడితే, జిప్సం ఎటు నుంచి మొదలుపెట్టాలో కూర్చుని లెక్క వేద్దాం.